తువ్వాలు కింద ఎక్కాలు

నేను దిల్‌సుఖ్‌నగర్ బడిలో పదమూడో ఎక్కం ఎత్తుకుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులు ఆగేవి. వెనకనుంచి లారీ హారన్ కొడుతోందనుకుని డ్రైవర్లు పక్కకు తప్పుకునేవారు. మెట్రో స్తంభాలు కట్టేటప్పుడు ఇంజనీర్లు వచ్చి, సిమెంటు ఆరేదాకా జర మెల్లగా పాఠం చెప్పమని నన్ను బతిమాలుకున్నారు కూడా.

సరే, అంత లేదు. నా గొంతు పక్క గల్లీలో ఇస్త్రీ బండి దాకా వినిపించేది. బట్టలు రుద్దుతూ రుద్దుతూ తనకు కూడా ఎక్కాలు వచ్చేశాయని ఆ ఇస్త్రీ అతను వేళాకోళం ఆడేవాడు. అంతవరకు మాత్రం నిజం.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నా దగ్గరికి వచ్చి, పిల్లలు చేతులతో పనులు చేస్తూ పాఠం నేర్చుకునే పద్ధతి గురించి చెప్పమంటున్నారు. ప్రాజెక్టులట. మన ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టింది నేనేనని వాళ్ళకు ఎవరో చెప్పారట. ఆ ఎవరో నేనే. అందుకని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాయనలారా, అమ్మలారా, నేను ఏ పద్ధతీ మొదలుపెట్టలేదు. నా గొంతు పోయింది. అసలు సంగతి అది.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది. మూడో తరగతి నాది. మూడో తరగతి అంటే పేరుకే. ఆ పిల్లలు ఒకటిలో సగం చూశారు, రెండు అసలు చూడలేదు, నేరుగా మూడులో వచ్చి కూర్చున్నారు. కూడిక అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. మరిచిపోయినదంతా ఒక్క నెలలో వాళ్ళ తలల్లోకి ఎక్కించాలని నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచాను. నెల తిరిగేసరికి నా గొంతు కీచుమంది, బొంగురుపోయింది, తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, అరిచి అరిచి లోపల కాయలు కాచాయనీ, కొన్నాళ్ళు నోరు మూసుకోకపోతే కత్తి పెట్టాల్సి వస్తుందనీ చెప్పాడు.

పిల్లల చదువు పాడవకూడదని నేను సెలవు పెట్టలేదు. రిటైరైనప్పుడు సన్మాన సభలో ఇలాగే చెప్పాను, చప్పట్లు కొట్టారు. నా సెలవులన్నీ అప్పటికే అయిపోయాయని మాత్రం చెప్పలేదు.

మా బడి గడ్డిఅన్నారం వైపు. పిల్లల్లో సగం మంది పండ్ల మార్కెట్‌లో మూటలు మోసేవాళ్ళ పిల్లలు. మిగతా వాళ్ళలో మేస్త్రీల పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు. నల్లగొండ ఊళ్ళ నుంచి వచ్చి గదులు కిరాయికి తీసుకుని ఉన్నవాళ్ళు. ఆ ఏడే మార్కెట్ ఊరి బయటికి పోయింది. తండ్రులు చీకటితోనే డీసీఎం వ్యాన్లు ఎక్కి అంత దూరం పోయేవారు. పిల్లలు బడికి వస్తూ దారిలో ఆగి, తాళం వేసిన గేటు సందులోంచి ఖాళీ షెడ్లను చూసేవారు. పుట్టినప్పటినుంచి చెవిలో పడ్డ గోల ఒక్కసారిగా ఆగిపోతే మనకు మాత్రం తోస్తుందా?

ఆ ఏడాదే ప్రైవేటు బళ్ళ నుంచి కూడా కొందరు మా దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పనిచేసేవాడు. ఆ సెంటర్ మూతపడింది. గుంటూరు వైపు మనుషులు. పిల్ల నీట్‌గా రెండు జడలు వేసుకుని వచ్చేది. రాత ముత్యాల్లా ఉండేది. కాని చేరిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. అంతే.

వాళ్ళమ్మను పిలిచి అడిగాను. "ఇంట్లో బాగానే మాట్లాడుద్దండీ. గడప దాటితే ఉండదు. ఫోన్లో క్లాసులప్పుడు నోరు తెరిస్తే చాలు, మ్యూట్‌లో పెట్టుకో, మ్యూట్‌లో పెట్టుకో అనేవారు. అదే అలవాటైపోయిందేమోనండీ" అన్నది ఆమె.

ఈ మాట మా తరగతిలో ఎలా పాకిందో తెలియదు. ఎవరైనా ఆ పిల్లను పలకరిస్తే చాలు, తక్కినవాళ్ళు అడ్డుపడి, "ఆమె మ్యూట్‌ల ఉంది" అనేవారు. అందులో వెక్కిరింత లేదు. ఫలానా ఆమె ఊళ్ళో లేదు అన్నంత మామూలుగా చెప్పేవారు.

వెక్కిరింత లేకపోయినా ముప్పు ఉంది. ఏ పిల్లకు ఎంత వచ్చో చూడటానికి పైనుంచి ఒక అధికారి వస్తున్నాడు. ప్రతి పిల్లా లేచి ఒక పేరా పైకి చదవాలి, నోటి లెక్కలు చెప్పాలి. చదవలేనివాళ్ళను రాని గుంపులో రాసి ఒకటో తరగతి గదికి పంపాలి. మా హెడ్‌మాస్టర్ ఒక మేడం. ఆమె పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ మాట తీరు పోలేదు. ఆమె నన్ను గదిలోకి పిలిచి, "మాస్టారూ, ఆ పిల్ల నోరు విప్పకపోతే నేనేం చెయ్యలేనండీ. ఆయనకు వినిపించిందే లెక్క" అన్నది. ఒకటో తరగతిలో కూర్చోబెడితే ఆ సిగ్గుతో పిల్ల ఇక బడికే రాదనీ, ఇంట్లో పెట్టుకోవడం తప్ప తమకు వేరే దారి లేదనీ వాళ్ళమ్మ అప్పటికే నాతో చెప్పింది.

నాకు గొంతు లేదు. ఆ పిల్లకు ఉన్న గొంతు రాదు. అధికారి వచ్చేది దీపావళి తర్వాత.

మాటతో చెప్పలేను కనుక ఏదో ఒక పని పెట్టాలి. మార్కెట్ పోతూ పోతూ వదిలేసిన చెక్క పెట్టెలు రోడ్డు పక్కన పడి ఉండేవి. పిల్లలతో నాలుగు మోయించుకొచ్చి గదిలో వేశాను. బోర్డు మీద 'మన మార్కెట్' అని రాశాను. నా ప్రాజెక్టు పథకమంతా అంతే. మిగతాది వాళ్ళే చూసుకున్నారు. ఒక కట్టెకు నడుమ తాడు కట్టి, రెండు కొసలకు రెండు ప్లాస్టిక్ బుట్టలు వేలాడదీసి తరాజు చేశారు. అది ఎప్పుడూ ఒకవైపే ఒరిగేది. తేలికగా ఉన్న వైపు ఒక పాత చెప్పు ముక్క కట్టి సరిచేశారు. ఇసుక సంచులు కిరాణా దుకాణానికి తీసుకెళ్ళి తూకం వేయించి కిలో, అర కిలో, పావు కిలో తూకపురాళ్ళు తయారుచేశారు. మూటలు మోసే ఒక నాయన బుట్టెడు బత్తాయిలు పంపాడు. నల్లగొండ బత్తాయి. గదంతా ఒకటే వాసన.

ఆ నాయన కూతురు మా తరగతిలో గోలపిల్ల. నా గొంతు పోయాక తరగతిలో వినిపించేది ఆమె గొంతే. ఆమెకు ఏదైనా రహస్యం చెప్పడమంటే మైకులో చెప్పినట్టే.

మొదటి రోజు వేలం పెట్టాం. బుట్టలో బత్తాయిలు ఎన్ని కిలోలు ఉంటాయో చూసి చెప్పాలి. తర్వాత తూచాలి. దగ్గరగా చెప్పినవాళ్ళు గెలిచినట్టు. మావాళ్ళు ఏటా బాలాపూర్ గణపతి లడ్డూ వేలం చూసినవాళ్ళాయె. పెట్టెల మీదికెక్కి పాడారు. గోడలు అదిరాయి. పక్క తరగతి మేడం వచ్చి తలుపులో నిలబడింది. నేను నోటిమీద వేలు పెట్టుకుని గది మధ్యలో బొమ్మలా నిలబడ్డాను. బక్కపిల్లలు, లెక్క రానివాళ్ళు, మా మ్యూట్ పిల్ల గోడకు అతుక్కుపోయారు.

ఆ గోల సద్దుమణిగాక, గోలపిల్లే వచ్చి ఉపాయం చెప్పింది. "మా తాత ఒర్రకుంట బేరం చేస్తుండె సార్. తువ్వాల కింద. ఈయనకు, ఆయనకు తప్ప ఎవ్వలకు తెల్వదు."

నాకూ తెలిసిందే. పాత రోజుల్లో పండ్ల బేరాలు అట్లాగే జరిగేవి. ఇద్దరు చేతులు కలిపితే పైన తువ్వాలు కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే అయిదు, మణికట్టు నొక్కితే పది. చుట్టూ జనం ఉన్నా ధర ఎంతో ఇద్దరికే తెలుస్తుంది. నా భుజం మీది తువ్వాలు తీసి ఒక పెట్టె మీద పరిచాను.

అప్పటినుంచి మా లెక్కలన్నీ తువ్వాలు కిందే. ప్రశ్న బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి జవాబు ఇస్తారు. తప్పైతే వాళ్ళ వేలు మెల్లగా వంచుతాను, మళ్ళీ ఇస్తారు. ఒప్పైతే చెయ్యి నొక్కుతాను. ఆ తప్పు సంగతి నాకూ, ఆ బిడ్డకూ తప్ప ఎవరికీ తెలియదు. కొత్త టీచర్లూ, ఇది కాస్త చెవిన వేసుకోండి. అంతకుముందు చెయ్యెత్తమంటే తరగతిలో ఆ నలుగురే ఎత్తేవారు. తువ్వాలు పరిచిన వారానికి వరస తలుపు దాకా పోయింది. వాళ్ళకు లెక్కలంటే భయం లేదు. తప్పు చెప్తే పక్కవాడు నవ్వుతాడని భయం. అరవడంలో మునిగిపోయి నా సర్వీసంతా నేను ఆ సంగతి చూడలేదు.

మేడం ఒకసారి తొంగిచూసి, "ఏంటండీ మాస్టారూ ఈ గారడీ" అని నవ్వి వెళ్ళిపోయింది.

మా మ్యూట్ పిల్ల మాత్రం వరసలోకి రాలేదు. దూరంగా కూర్చుని తువ్వాలు కదలడం చూసేది. చేతులు ఒడిలో పెట్టుకుని వేళ్ళు ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉండేది. బోర్డు మీది లెక్క తనలో తానే చేసుకుంటోందని నాకు తెలుసు. పిలవలేదు. పిలవడానికి గొంతు కూడా లేదు.

ఒక రోజు అందరూ అయిపోయాక వరస చివర రెండు జడలు కనబడ్డాయి. వచ్చింది. చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. బోర్డు మీద ఆరెనిమిదులు ఎంతని ఉంది. నా మణికట్టు నాలుగుసార్లు నొక్కింది. తర్వాత చెయ్యంతా పట్టుకుంది. తర్వాత మూడు వేళ్ళు.

నేనేం చేశానో చెప్తే మీరు నవ్వుతారు. అన్నాళ్ళుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారి ఖర్చుపెట్టి, "శభాష్! నలభై ఎనిమిది!" అని అరిచాను. ఇస్త్రీ అతనికి కూడా వినబడి ఉంటుంది.

చెయ్యి లాగేసుకుంది. పాము తాకినట్టు లాగేసుకుంది. వెళ్ళి తన చోట కూర్చుని పుస్తకంలో తల పెట్టింది. చప్పట్లు కొడతారనుకున్నాను. అందరూ నావంక చూస్తున్నారు. దొంగను చూసినట్టు.

"ఏంది సార్ గట్ల చేసిన్రు" అన్నది గోలపిల్ల. ఆమె గొంతు అంత తగ్గడం అంతకుముందు నేను వినలేదు. "తువ్వాల కింద మాట బయట పెట్టొద్దు సార్. పెట్టినోనికి ఇగ ఎవ్వరు చెయ్యి ఇయ్యరు."

ఒప్పే కదా చెప్పింది, తప్పు చెప్తే కదా సిగ్గు, అని గుసగుసగా వాదించబోయాను.

"ఒప్పైతే ఏంది సార్? అది ఆమెది గదా."

టీచర్ ట్రైనింగులో మాకు పిల్లల మనస్తత్వం మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఆ పుస్తకం ఎక్కడ పెట్టానో ఆ క్షణం గుర్తు రాలేదు.

మర్నాడు తువ్వాలు పరిచాను. ఎవరూ రాలేదు. వరసలో ముందుండే నలుగురూ రాలేదు. మొదటి బెంచీలో ఉండే బక్కపిల్ల కూడా, పాపం జాలిగా నావంక చూసింది గాని, లేవలేదు. మార్కెట్ నాకు చెయ్యి ఇవ్వడం మానేసింది. బోర్డు మీద లెక్క అట్లాగే ఉండిపోయింది. మూడు రోజులు తరాజులో గాలి తూచుకున్నాం. అధికారి రోజు దగ్గరపడుతోంది.

నాలుగో రోజు గోలపిల్ల తీర్పు చెప్పింది. ఆమె తాత కాలంలో ఎవరైనా ఇట్లా కట్టు తప్పితే, ఎవరి మాట బయటపెట్టాడో వాళ్ళకే మొదట చెయ్యి ఇచ్చి మళ్ళీ బేరంలోకి రావాలట. నిజమో, అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు. కల్పించడంలో నాకు తగ్గ శిష్యురాలు. "మీరు చెయ్యి పెట్టున్రి సార్. ఆమె అడుగుతది."

అందరూ ఆ పిల్లవైపు తిరిగారు. ఆ పిల్ల పలక తీసుకుంది. ఏదో రాసింది. వచ్చి పెట్టెకు అవతలివైపు, ఎప్పుడూ నేను కూర్చునే చోట కూర్చుని, పలక నాకు ఒక్కడికే కనబడేట్టు పట్టుకుంది. పదహారు ఆర్లు.

ఇక్కడ నేను కావాలనే తప్పు చెప్పాను. తప్పు చెప్పడం తప్పేమీ కాదని పిల్లలకు నేర్పడానికి. టీచర్ల శిక్షణ తరగతుల్లో నేను ఇదే చెప్పేవాణ్ణి, వాళ్ళు రాసుకునేవారు. నాయనలారా, కొట్టేయండి. నాకు నిజంగానే రాలేదు. పదిహేనో ఎక్కం దాటితే నా బండి ముందునుంచీ గతుకుల్లో పడుతుంది. అరుపులో కలిపేసి నెట్టుకొచ్చాను. తరగతంతా చూస్తుంటే ఉన్నదీ పోయింది. తువ్వాలు కింద ఆ చిన్న చెయ్యి పట్టుకుని తొంభై నాలుగు ఇచ్చాను.

తర్వాత నా చిటికెన వేలిని మెల్లగా, ఎంతో మెల్లగా, వంచింది. నేను వాళ్ళకు వంచేటట్టే.

మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. చెమట పట్టింది. తొంభై ఆరు. నా చెయ్యి నొక్కింది.

"సార్ కరెక్ట్ చెప్పిండా?" వెనకనుంచి అరిచారు.

ఆ పిల్ల నావంక చూసింది, వాళ్ళవంక చూసింది. తల ఊపింది. ముందు నేను తప్పు చెప్పానని తన కంటిలో కూడా చూపలేదు. ఇన్ని శభాష్‌లు అరిచిన నాకు, ఆ పిల్ల నోరు మూసుకోవడం కంటే పెద్ద మర్యాద ఇంకెవరూ చెయ్యలేదు.

మర్నాడు వరసలో ముందుగా ఉంది. ఆ పైన రోజూ ఉంది.

ఇక అధికారి వచ్చిన రోజు. మంచి మనిషే, మెత్తగానే మాట్లాడాడు. కాని వెళ్ళాల్సిన బళ్ళు చాలా ఉన్నాయి, తొందరలో ఉన్నాడు. మావాళ్ళు చదివారు. తడబడుతూ, కూడబలుక్కుంటూ చదివారు. గోలపిల్ల చదివినప్పుడు ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత మా పిల్ల వంతు. లేచి నిలబడింది. పుస్తకం తెరిచి పట్టుకుంది. పెదవులు కదిలాయి.

ఇక్కడ మీకేం కావాలో నాకు తెలుసు. ఆ పిల్ల నోరు విప్పింది, గదంతా గంట మోగినట్టు చదివింది, అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇట్లా చాలాచోట్ల చెప్పాను. ఒక పెళ్ళిలో చెప్తే వంటవాళ్ళు కూడా ఏడ్చారు.

విప్పలేదు. శబ్దం రాలేదు. పేజీ మీద వేలు వరస వెంబడి పోయింది, చివరికి చేరింది, ఆగింది. అంతా చదివింది. మనకు వినబడలేదు.

"చదువు బిడ్డా" అన్నాడాయన ఇంకోసారి. ఆగాడు. మళ్ళీ అడిగాడు. తర్వాత మేడంవైపు తిరిగి, "రాదా?" అని కలం తీశాడు.

నేను ముందుకొచ్చి ఏదో చెప్పబోయాను, కీచుమని గాలి వచ్చింది. తలుపు దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆ రోజు పని మానుకుని వచ్చింది. కొంగు నోట్లో పెట్టుకుంది.

"వస్తది సార్" అన్నది గోలపిల్ల. కూర్చోమని నేను సైగ చేసినా కూర్చోలేదు. "చదువొస్తది. నోట్లకెళ్ళి రాదు, గంతే."

అధికారి నవ్వాడు. నోట్లోంచి రాని చదువును తాను ఎట్లా లెక్క వేసేదని అడిగాడు.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. సన్మాన సభలో ఇంత దాకా చెప్పి కాసేపు ఆగాను కూడా. ముందు వరసలో మా మేడం కూర్చుని నవ్వుతూ వింటోంది. ఎందుకు నవ్విందంటే, ఆలోచన ఆమెది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, అంతే. మేడం అధికారి ముందు నుంచి ఒక కాగితం తీసుకుని, "సార్, మీరే రాయండి. మాకెవరికీ చూపించకండి. ఏం చెయ్యాలో రాసి పిల్లకివ్వండి. చదవడం వస్తే చేస్తుంది. రాకపోతే అట్లాగే నిలబడుతుంది, మీరు రాసుకోండి" అన్నది. మా గారడీని ఆమె తలుపులోంచి చూసి నవ్వి పోయిందనుకున్నాను. అంతా గమనించే పోయిందన్నమాట.

ఆయన పెట్టెలవంక, తరాజువంక చూశాడు. రాశాడు. మడిచి ఇచ్చాడు.

ఆ పిల్ల విప్పి చూసింది. మడిచి జేబులో పెట్టుకుంది. నేరుగా తరాజు దగ్గరికి పోయింది. ఒక బుట్టలో అర కిలో సంచి వేసింది, పావు కిలో సంచి వేసింది. రెండో బుట్టలో బత్తాయిలు ఒక్కొక్కటే పెట్టింది. కట్టె అటు ఒరిగింది. పెద్దకాయ ఒకటి తీసి చిన్నది వేసింది. ఇటు ఒరిగింది. ఇంకొకటి మార్చింది. తరగతిలో అందరి తలలూ ఆ కట్టెతో పాటు అటూ ఇటూ ఒరుగుతున్నాయి. చివరికి చెప్పు ముక్క గాలిలో కాస్త ఊగి, కట్టె నిలిచింది.

అధికారి కలం మూత పెట్టబోయాడు. పని ఇంకా అయిపోలేదు. ఆ పిల్ల బుట్టలోంచి ఒక బత్తాయి తీసుకుంది. గదంతా ఒకసారి చూసింది. పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి గోలపిల్ల ముందు నిలబడి, కాయ ఆమె చేతిలో పెట్టింది.

ఆయన రాసింది తర్వాత చదివాం. ముప్పావు కిలో బత్తాయిలు తూచు, అందులో ఒకటి నీ స్నేహితురాలికి ఇవ్వు. అంతే ఉంది అందులో.

గోలపిల్ల కాయ పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. అప్పుడు ఆమె నోట ఒక్క మాట రాలేదు. మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇక నోటి లెక్కలు. అధికారి తనంతట తానే వచ్చి పెట్టె దగ్గర కూర్చుని తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. బోర్డు మీద ఏదో లెక్క రాయించాడు. ఆ పిల్ల వచ్చి చెయ్యి పెట్టింది, తువ్వాలు కదిలింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. మావైపు తిరిగి సంతోషంగా నోరు తెరిచాడు. అంతే, తరగతి తరగతంతా ఒక్కసారి, "బయటికి చెప్పొద్దు సార్" అన్నది.

ఆయన నోరు మూసుకున్నాడు. నాకంటే తెలివైనవాడు. తన రిపోర్టులో ఏం రాశాడో మాకు చూపలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం మేడంతో, పిల్ల తన తరగతిలోనే ఉండనివ్వండి అన్నాడు. తలుపు దగ్గర వాళ్ళమ్మ కొంగు నోట్లోంచి తీసి కళ్ళకు పెట్టుకుంది.

నా గొంతు క్రమంగా వచ్చింది. పాతంత కాదు. ఇస్త్రీ బండి దాకా పోదు. పోవాల్సిన పని కూడా లేకపోయింది. మార్కెట్ ప్రాజెక్టు ఏడాది పొడవునా నడిచింది. వేసవి ముందు గోలపిల్ల వాళ్ళు కొత్త మార్కెట్ దగ్గరికి ఇల్లు మారారు. పోయే రోజు ఆమే, మా మ్యూట్ పిల్లా తువ్వాలు కింద చాలాసేపు చేతులు పెట్టుకుని కూర్చున్నారు. లెక్కేదో నేను అడగలేదు.

ఆ పిల్ల తర్వాతైనా మాట్లాడిందా అని మీరు అడుగుతారు. మాట్లాడింది. నాలుగో తరగతిలో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, వడ్డించే ఆమెతో, "ఇంకొంచెం పప్పు వెయ్యండి" అన్నదట. బడిలో ఆ పిల్ల మొదటి మాట అది. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. వడ్డించే ఆమె మర్నాడు గిన్నెలు కడుగుతూ మామూలుగా చెప్పింది. ఎంత వేశావని అడిగాను. "రెండు గంటెలేసిన సార్, ఏంది, తక్కువాయెనా?" అన్నది.

తర్వాత ఏడు నేను రిటైరయ్యాను. సన్మాన సభకు జనం ఎల్బీనగర్ దాకా నిలబడ్డారు. సరే, షామియానా నిండింది. శాలువా కప్పారు, దండలు వేశారు, నేను పైన చెప్పినవన్నీ చెప్పాను, చప్పట్లు కొట్టారు. అందరూ కాళ్ళకు దండం పెట్టుకుని పోతున్నారు. చివర రెండు జడలు. ఇప్పుడు కాస్త పొడుగయ్యాయి.

మాట వచ్చిన పిల్ల. మాట్లాడుతుందనుకున్నాను. నా పక్క కుర్చీలో కూర్చుంది. శాలువా అంచు కాస్త ఎత్తి దాని కిందికి చెయ్యి పోనిచ్చింది. నేనూ నా చెయ్యి పెట్టాను. ఇప్పుడు చల్లగా లేదు. మణికట్టు నొక్కింది, వేళ్ళు పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. నాకు ఒక్కసారికి అర్థం కాలేదు. ఓపికగా మళ్ళీ చెప్పింది. అర్థమైంది. చెయ్యి నొక్కాను. లేచి వెళ్ళిపోయింది.

మేడం పక్కనుంచి వంగి, ఏం చెప్పిందండీ అని అడిగింది. మా ఆవిడ ఇంటికొచ్చాక అడిగింది. ఈ రాత రాస్తున్నానంటే మీరూ అడుగుతారు. జీవితంలో నా నోట్లో ఏ మాటా దాగలేదు. ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడమే నాకు తెలిసిన విద్య.

ఇది మాత్రం చెప్పను. అది ఆమెది గదా.